గోడమీది బొమ్మ: అల్ఫోన్స్ ముఖా జీవితము

ఈ సంవత్సరము మన పాఠశాల తొమ్మిదవ తరగతి విద్యార్థులు వార్షికోత్సవమునకై పది నిమిషముల చలనచిత్రమొకటి తీసిరి. ఎండిపోయిన చెరువు దాని ఇతివృత్తము. చిత్రము ముగిసిన పిమ్మట దానికొక పోస్టరు కావలసివచ్చెను. వారు మొదట గీసి తెచ్చిన కాగితము మీద పదునాలుగు ముఖములు, పందొమ్మిది పేర్లు, చెరువు, ఎద్దులబండి, సూర్యుడు, బడి భవనము అన్నియు కలవు. దానిని గేటునకు అతికించి, వీధికి ఆవలి ప్రక్క టీ దుకాణము కడ నిలిచి చూడుడని మేము చెప్పితిమి. చూచి వచ్చి, చిత్రము పేరు కూడ అగపడలేదని వారే ఒప్పుకొనిరి. అయినను మరల గీయుడనగానే కొందరి ముఖములు చిన్నబోయినవి.

ఒకసారి చేసిన పనిని మరల చేయుట తప్పు చేసినవారికి విధించు శిక్ష యని మన పిల్లలలో ఒక భావము నాటుకొని యున్నది. ఆ భావమును పోగొట్టుటకై పోస్టరు కళలో ప్రసిద్ధుడైన ఒక మహాచిత్రకారుని జీవితమును ఇచట చెప్పదలచితిమి. ఇతనినే ఎన్నుకొనుటకు మరియొక కారణము కూడ కలదు. అది కథ నడుమ తెలియగలదు.

మధ్య ఐరోపాలో మొరావియా యను సీమ కలదు. నేడది చెక్ గణతంత్ర దేశమున భాగము. పందొమ్మిదవ శతాబ్దమున అది ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉండెను. పల్లెలలో, సంతలలో ప్రజలు పెక్కుమంది చెక్ భాష మాట్లాడుచుండిరి. ప్రభుత్వ కార్యములందు పెత్తనము జర్మను భాషది. ఆ సీమలో ఇవాన్చిత్సే అను చిన్న పట్టణమున 1860వ సంవత్సరము జూలై 24వ తేదీన అల్ఫోన్స్ ముఖా జన్మించెను. తండ్రి న్యాయస్థానమున చిన్న ఉద్యోగి. బిడ్డ నడక నేర్వకముందే బొమ్మలు గీయుచుండెననియు, నేలమీద ప్రాకుచు గీసికొనుటకై తల్లి అతని మెడలో పెన్సిలు కట్టెననియు చెప్పుదురు.

బాలునకు మంచి కంఠము కూడ ఉండెను. బ్ర్నో నగరమున దేవాలయ గాయక బృందమున పాడుచు, ఆ ఆధారముతో అచ్చట ఉన్నత పాఠశాలలో చదివెను. చదువు ముగియగా తండ్రి అతనిని న్యాయస్థానమున వ్రాతపనిలో పెట్టెను. ముఖా మనసు మాత్రము స్థానిక నాటక బృందమునకు తెరలు చిత్రించుట యందే ఉండెను. 1878లో ప్రాగ్ నగరపు చిత్రకళాశాలకు దరఖాస్తు పంపెను. వారు చేర్చుకొనలేదు సరికదా, మరియొక వృత్తి చూచుకొమ్మని సలహా కూడ ఇచ్చిరి. పదునెనిమిదేండ్ల యువకునకు అంతకు మించిన దెబ్బ ఏముండును? అయినను అతడు పెన్సిలు క్రింద పెట్టలేదు.

మరుసటి యేడు వియన్నాలో నాటకశాలలకు తెరలు వ్రాయు సంస్థ ఒకటి పనివారు కావలెనని పత్రికలో ప్రకటించెను. ముఖా వెళ్లి చేరెను. పగలు తెరల పని, సాయంకాలము చిత్రలేఖన పాఠములు. ఇట్లు రెండేండ్లు గడచెను. 1881 డిసెంబరులో వియన్నాలోని రింగ్ థియేటరు అగ్నికి ఆహుతియై వందలకొలది ప్రేక్షకులు మరణించిరి. ఆ నాటకశాల ముఖా పనిచేయు సంస్థకు ముఖ్యమైన ఆధారము. ఆధారము పోగా చిన్నవాడైన ముఖా పనియు పోయెను.

అతడు చేతనున్న డబ్బు ఎంతవరకు వచ్చునో అంతవరకు రైలు టికెట్టు కొనెను. రైలు అతనిని మికులోవ్ అను ఊరిలో దింపెను. అచ్చట మనుష్యుల రూపచిత్రములు గీసి అమ్ముకొని పొట్ట పోసికొనుచుండెను. ఆ ప్రాంతపు జమీందారు ఖూయెన్ ప్రభువు ఇతని ప్రతిభను గుర్తించి, తన భవనపు గోడలను చిత్రింపుమని పిలిచెను. పిదప అతని ఖర్చు మీదనే మ్యూనిక్ నగరమునకును, 1887లో పారిస్ నగరమునకును చదువునకై పంపెను. కాని రెండేండ్లకే ఆ సహాయము నిలిచిపోయెను. పరదేశమున, పరభాషల నడుమ, ఇరువదితొమ్మిదేండ్ల వయసున ముఖా మరల రిక్తహస్తుడయ్యెను. చిక్కుడు గింజలు, పప్పు ఉడికించుకొని తినుచు, పత్రికలకు, పుస్తకములకు బొమ్మలు గీయుచు అయిదేండ్లు నెట్టుకొనివచ్చెను.

1894వ సంవత్సరము డిసెంబరు మాసాంతము. క్రిస్మసు సెలవులకు చిత్రకారులు చాలమంది నగరము విడిచి పోయిరి. ముఖా ఒక స్నేహితునకు బదులుగా లెమెర్సియె అను ముద్రణాలయమున అచ్చు నమూనాలు సరిచూచుచుండెను. ఆ సమయమున సారా బెర్నార్ కడ నుండి ముద్రణాలయమునకు కబురు వచ్చెను. ఆమె ఆనాటి ఫ్రెంచి రంగస్థలమున సాటిలేని నటి. ఆమె ఆడుచున్న గిస్మోండా నాటకమునకు క్రొత్త పోస్టరు కావలెను. జనవరి 1వ తేదీ ఉదయమునకు అది పారిస్ గోడలమీద ఉండి తీరవలెను. పేరుగల చిత్రకారులు ఎవ్వరును ఊరిలో లేరు. ముద్రణాలయపు అధికారి గత్యంతరము లేక ముఖాను అడిగెను.

ఆ కాలపు పోస్టరు ఎట్లు తయారగునో విద్యార్థులు తెలిసికొనవలెను. నున్నని సున్నపురాతి పలకమీద జిడ్డుగల బలపముతో బొమ్మ గీయుదురు. పలకను తడిపి పైన సిరా రుద్దినచో నీరు పట్టినచోట సిరా అంటదు. జిడ్డు గీత ఉన్నచోట మాత్రమే అంటును. దానిపై కాగితము వేసి ఒత్తుదురు. రంగునకొక రాయి కావలెను. ఎన్ని రంగులున్న అన్ని మారులు ఒకే కాగితము యంత్రము క్రింద నడువవలెను. వెండ్రుకవాసి జరిగినను బొమ్మ చెదరును. పైగా రాతిమీది బొమ్మ అద్దములో వలె కుడియెడమలు తారుమారుగా ఉండవలెను. రాతిమీద దిద్దుబాటు కష్టము. కనుక దిద్దవలసినదంతయు ముందు కాగితముమీదనే దిద్దుకొనవలెను.

ఉన్న కొద్ది దినములలో ముఖా గీసిన బొమ్మ అంతవరకు పారిస్ చూచిన పోస్టరుల వంటిది కాదు. ఆనాటి పోస్టరులలో రంగులు కేకలు వేయుచుండెను. బొమ్మలు గంతులు వేయుచుండెను. ముఖా పోస్టరు రెండు మీటర్లకు పైగా పొడవు, ముప్పాతిక మీటరునకు లోపల వెడల్పు. అంత పొడవు కాగితము ఒకే రాతిమీద పట్టదు కనుక రెండు భాగములుగా అచ్చువేసి అతికిరి. దానిలో నిలువెత్తుగా ఒకే స్త్రీ. బైజాంటిన్ కాలపు బంగారు రంగు వస్త్రము, తలలో పూలు, చేతిలో తాటిజాతి మట్ట. తల వెనుక తోరణము, దానిమీద నటి పేరు. క్రింద నాటకశాల పేరు. రంగులు మెత్తనివి. నాటకములోని తక్కిన పాత్రలు లేవు, కథలోని సంఘటనలు లేవు. దేవాలయపు గోడమీది దేవతామూర్తి వీధిలోనికి వచ్చి నిలిచినట్లుండెను.

ముద్రణాలయము వారు దానిని చూచి జంకిరి. ఇట్టి వింత బొమ్మను అంత గొప్ప నటికి ఎట్లు చూపుదుమని భయపడిరి. వేరొకటి చేయుటకు వ్యవధి లేక పంపిరి. సారా బెర్నార్ చూచి పరమానందభరితురాలై ముఖాను పిలిపించెను. 1895 జనవరి 1వ తేదీన పోస్టరు గోడల కెక్కెను. జనులు నిలిచి చూచిరి. కొందరు అతికించువారికి లంచమిచ్చియు, కొందరు రాత్రివేళ గోడలనుండి కోసికొనియు ఇండ్లకు పట్టుకొనిపోయిరి. ఆ నటి ముఖాతో ఆరేండ్ల ఒప్పందము చేసికొని పోస్టరులు, రంగాలంకరణములు, దుస్తులు, ఆభరణములు అన్నియు అతనిచేతనే కల్పింపజేసెను.

అదే 1895వ సంవత్సరము డిసెంబరు 28వ తేదీన అదే పారిస్ నగరమున లూమియేర్ సోదరులు టికెట్టు కొన్న ప్రేక్షకులకు చలనచిత్రములు చూపిరి. అనగా సినిమా పుట్టునాటికి దానిని వీధిలోని జనమునకు పరిచయము చేయుటకై గోడమీద ఒక కళ సిద్ధముగా నిలిచి యుండెను. నేడు మన విద్యార్థులు పోస్టరు గీయుచు పడుచున్న చిక్కులన్నియు ఆనాడు నాటకపు పోస్టరు గీసినవారు పడినవే.

ఒక్క దినమున వచ్చిన ఈ కీర్తిని చూచి, మరల మరల గీయుట ముఖాకు అక్కరలేకపోయెనని తలంపరాదు. గిస్మోండా వెనుక తెరల పనియు, పత్రికల బొమ్మలును కలిసి పదునైదేండ్ల సాధన ఉన్నది. కీర్తి వచ్చిన పిదపకూడ అతడు తొందరపడలేదు. తన పనిగదిలో మనుష్యులను దుస్తులతో నిలిపి తానే ఛాయాచిత్రములు తీసెడివాడు. వానిని చూచి పెన్సిలుతో నమూనాలు గీసెడివాడు. చేతి వంపు, వస్త్రపు మడత, జుట్టు పాయ వేరువేరుగా అభ్యసించెడివాడు. 1896లో సారా బెర్నార్ అమెరికా యాత్రకు పోయినపుడు ఆ గిస్మోండా బొమ్మనే అక్షరములు మార్చి అచటికి తగిన పోస్టరుగా చేసిరి. ఒకచోటికి చాలినది మరియొక చోటికి చాలకపోవచ్చును. అందులో అవమానమేమియు లేదు.

అక్షరములను అతడు బొమ్మకు తోబుట్టువులుగా భావించెను. 1897లో సమరయ స్త్రీ కథగల నాటకమునకు గీసిన పోస్టరులో ఫ్రెంచి అక్షరములకే హీబ్రూ అక్షరముల పోలిక తెచ్చెను. 1898లో మెదెయా పోస్టరున తన బిడ్డలను చంపిన తల్లి కన్నులు విప్పి నిలిచియుండును; ఆ కన్నులను చూచిన వెనుక కథ చెప్ప పనిలేదు. ఆ బొమ్మలో ఆమె ముంజేతికి ముఖా చుట్టిన సర్ప కంకణమును చూచి ముచ్చటపడి సారా బెర్నార్ నిజముగానే అట్టిదానిని చేయించుకొనెను. బిస్కత్తులు, చాకొలెట్లు, సైకిళ్లు, సిగరెట్టు కాగితములు చేయు వర్తకులుకూడ ముఖా వాకిట నిలిచిరి. తన పద్ధతులను తరువాతి తరమునకు అందజేయుటకై 1902లో నమూనా చిత్రముల గ్రంథమును ప్రకటించెను. పారిస్‌లో విద్యార్థులకు పాఠములును చెప్పెను.

డబ్బు వచ్చెను, పేరు వచ్చెను. తృప్తి మాత్రము రాలేదు. 1900లో పారిస్ విశ్వప్రదర్శనమున బోస్నియా హెర్జెగొవీనా మండపమును చిత్రించు పని ఆస్ట్రియా ప్రభుత్వము అతనికి అప్పగించెను. దానికై ఆ దేశములు తిరుగునపుడు, తన భాషకు జ్ఞాతులైన స్లావు భాషల ప్రజలు పడిన కష్టములను కన్నులార చూచెను. వారి చరిత్రను పెద్ద తెరలమీద చిత్రింపవలెనని అపుడు నిశ్చయించుకొనెను. అందులకు ధనము కావలెను. 1904 మొదలు పలుమారులు అమెరికాకు పోయి వచ్చెను. అచ్చట చార్లెస్ క్రేన్ అను ధనికుడు ఆ మహాకార్యమునకు పోషకుడయ్యెను. 1910లో ముఖా స్వదేశమునకు తిరిగివచ్చెను.

ఇక మేము మొదట సూచించిన రెండవ కారణమునకు వచ్చుచున్నాము. ముఖా పుట్టిన నైరృతి మొరావియాలో చెక్ పిల్లలకు చెక్ భాషలో చదువు చెప్పు బడులకు ప్రభుత్వమునుండి తగిన ధనము దొరకకుండెను. జర్మను బడులకు గల ఆదరువు వానికి లేదు. ప్రజలు తమలో తాము చందాలు వేసికొని బడులను నిలుపుకొనవలసి యుండెను. 1912లో అందులకై ఒక సంఘమువారు లాటరీ నడపిరి. దాని పోస్టరును గీసినవాడు ముఖా.

ఆ పోస్టరులో పూలు లేవు, నగలు లేవు. ఎండిన చెట్టు నీడలో చెక్ దేశమునకు ప్రతీకయైన స్త్రీమూర్తి దిగులుతో ఒదిగి యున్నది. ఆమె ముందు ఒక చిన్న బాలిక నిలిచి యున్నది. చేతులలో పుస్తకములు, పెన్సిళ్లు గట్టిగా పట్టుకొన్నది. ఆ బాలిక అటునిటు చూడదు. గోడ ప్రక్కగా పోవు మనిషినే తిన్నగా చూచును. చూపులో వేడికోలు కంటె నిలదీయుటయే ఎక్కువ. చదువురాని రైతుకును, పరుగున పోవు వర్తకునకును ఆ చూపు అర్థమగును. పారిస్‌లో నటీమణుల కొరకు, బిస్కత్తుల కొరకు పదునైదేండ్లు దిద్ది దిద్ది నేర్చిన విద్యను ముఖా తన ఊరి పిల్లల బడికొరకు ఖర్చుపెట్టెను. పెద్ద నగరములో నేర్చినది చిన్న ఊరికి పనికిరాదని గాని, మన భాషకు చేయు పనికి కొంత నేర్పు తగ్గినను పరవాలేదని గాని అతడు తలంపలేదు.

తరువాతి పదునెనిమిదేండ్లు ఎక్కువ భాగము స్లావుల ఇతిహాసము అను చిత్రమాలకే వినియోగించెను. మొత్తము ఇరువది చిత్రములు. వానిలో పెద్దవి ఆరు మీటర్ల ఎత్తు, ఎనిమిది మీటర్ల వెడల్పు. 1914లో గీసిన ఒక చిత్రమున తన ఇవాన్చిత్సేయే కలదు. పదునారవ శతాబ్దమున అచ్చటి బడిలో బైబిలును చెక్ భాషలో ముద్రించు పని జరిగెను. ఆ చిత్రపు మూలన ఒక పిల్లవాడు గుడ్డివాడైన వృద్ధునకు చదివి వినిపించుచుండును. ఆ పిల్లవానికి ముఖా తన పిన్ననాటి పోలికలు పెట్టెనందురు. 1918లో చెకొస్లొవాకియా స్వతంత్రము కాగా, క్రొత్త దేశమునకు తపాలా బిళ్లలను, నోట్లను రూపకల్పన చేసెను. 1928లో చిత్రమాలను ప్రాగ్ నగరమునకు సమర్పించెను. అప్పటికి చిత్రకళలో రుచులు మారినవి. పాతబడిన పద్ధతి యని విమర్శకులు కొందరు పెదవి విరిచిరి.

1939 మార్చిలో హిట్లరు సేనలు ప్రాగ్ ప్రవేశించినవి. స్వదేశాభిమానిగా పేరెన్నికగన్న ముఖాను రహస్య పోలీసులు నిర్బంధించి ప్రశ్నించిరి. విడుదలయైనను వృద్ధుని దేహము కోలుకొనలేదు. 1939 జూలై 14వ తేదీన, డెబ్బదితొమ్మిదవ జన్మదినమునకు పది దినములు ముందుగా, ప్రాగ్‌లో కన్నుమూసెను. యుద్ధకాలమున దాచబడిన చిత్రమాల 1963లో అతని జన్మస్థలమునకు సమీపమున, మొరావ్‌స్కీ క్రుమ్లోవ్ కోటలో మరల ప్రజల కన్నుల కగపడెను.

మన హోసూరు వీధులలో తమిళము, తెలుగు, కన్నడము మూడును వినవచ్చును. ఇంట తెలుగు మాట్లాడి, అంగడిలో తమిళము మాట్లాడుట మన పిల్లలకు పుట్టుకతో అబ్బిన విద్య. అది మనకు లోటు కాదు, సంపద. తెలుగు చదువు ఎందులకని తలిదండ్రులలో కొందరు మమ్ము అడుగుచుందురు. ముఖా ఫ్రెంచి గోడలమీద వెలిగినవాడే, జర్మను నగరములలో చదివినవాడే. అయినను తన బడిపిల్ల పక్షమున వీధిలోని వారిని నిలదీయవలసి వచ్చినపుడు, ఆ బాలిక చేతిలో పట్టించినది తన భాష పుస్తకమును. ఇంతకు మించి మేము చెప్పగల సమాధానము లేదు.

మేము చిత్తూరులో ఉపాధ్యాయ శిక్షణ పొందునపుడు, పాఠమునకు తయారుచేసిన పటమును మా గురువుగారు చివరి బెంచీనుండి చూచి మూడుమారులు త్రిప్పి పంపిరి. ఆనాడు మాకును కోపము వచ్చెను. నాలుగవ పటమే నేటికిని మా యొద్ద భద్రముగా నున్నది.

మన తొమ్మిదవ తరగతి వారును నాలుగుమారులు గీసిరి. రెండవసారి ముఖములు తగ్గినవి. మూడవసారి బండి, సూర్యుడు, బడి భవనము తొలగినవి. పందొమ్మిది పేర్లను తీయుటకు వారు చాల బాధపడిరి. వాని స్థానమున క్రింద తరగతి పేరు ఒక్కటి వ్రాసిరి. నాలుగవ దానిలో మిగిలినది బీటలువారిన నేలమీద బోర్లించిన బిందె, దాని ప్రక్క నిలిచి మనవైపు చూచు బాలిక. పైన పెద్ద తెలుగు అక్షరములలో చిత్రము పేరు, క్రింద చిన్నగా తమిళములో అదే పేరు.

దానిని గేటునకు అతికించిన నాటి సాయంకాలము టీ దుకాణపు యజమాని వీధి దాటి వచ్చెను. అతనికి తెలుగు చదువ రాదు. తమిళ అక్షరములవైపును అతడు చూడలేదు. బొమ్మను కొంతసేపు చూచి, అది ఏ చెరువని పిల్లలను అడిగెను.